ఏనుగుల సేనాని రాసిన ఆటల పుస్తకం

జాయపసేనాని పేరు మనలో చాలామందికి ఒక బిట్టు ప్రశ్నగానే తెలుసు. నృత్తరత్నావళి ఎవరు రాశారు? జాయపసేనాని. నెక్స్ట్. గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న మా అక్క నోట్స్‌లో కూడా ఆయనకు దక్కింది ఒక్క లైనే. నాకు మాత్రం ఆ లైన్ దగ్గర ఆగిపోవాలనిపించింది, ఎందుకంటే ఆ మనిషి ఉద్యోగం డ్యాన్స్ కాదు. కాకతీయ గణపతిదేవుడి సైన్యంలో ఏనుగుల దళానికి అధిపతి. గజసాహిణి అనేవాళ్లు. ఆయనకు ఉన్న ఒక బిరుదు వైరిగోధూమఘరట్ట. సంస్కృతం చూసి భయపడకండి. శత్రువులు గోధుమలైతే ఈయన ఇసుర్రాయి అని దాని అర్థం. యుద్ధంలో మనుషుల్ని పిండి చేస్తాడని పేరున్నవాడు కూర్చుని, అడుగు ఎట్ల వేయాలి, మెడ ఎట్ల తిప్పాలి, ఊరి జనం కోలలు పట్టుకుని గుండ్రంగా ఎట్ల ఆడతారు అని ఎనిమిది అధ్యాయాల పుస్తకం రాశాడు. ఇది మామూలు విషయం కాదు కదా.

ఆయన పుట్టింది దివిసీమలో. కృష్ణానది సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలుతుంది, ఆ పాయల నడుమ ఉన్న నేల అది. మన తరానికి దివిసీమ అంటే 1977 ఉప్పెన. ఎనిమిది వందల ఏళ్ల కింద అది అయ్య వంశం వాళ్ల ఏలుబడిలో ఉండేది. వెలనాటి చోళులకు వాళ్లు సామంతులు. జాయప తండ్రి పేరు పినచోడి.

కథలోకి గణపతిదేవుడు ఎట్లా వచ్చాడో చెప్పాలంటే ముందు ఆయన సంగతి కొంచెం చెప్పాలి. గణపతి తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయాడు. కుర్రవాడైన గణపతి వాళ్లకు బందీగా దొరికాడు. ఇక్కడ ఓరుగల్లులో రాజ్యం చెల్లాచెదురు కాకుండా రేచర్ల రుద్రుడు అనే సేనాని కాపాడాడు. తర్వాత యాదవులే గణపతిని వదిలిపెట్టారు. 1199లో ఆయన సింహాసనం ఎక్కాడు. అంటే పరాయి రాజు చేతిలో బందీగా ఉండటం ఎట్లుంటదో ఆయనకు సొంతంగా తెలుసు. రెండు మూడేళ్లు తిరగకముందే సైన్యంతో తీరం వైపు కదిలాడు. వెలనాటి పృథ్వీశ్వరుడి బలం కూలింది, దివిసీమ కూడా లొంగింది. ఓడిపోయిన పినచోడి కూతుళ్లు నారాంబను, పేరాంబను గణపతి పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల తమ్ముడు జాయపను వెంట తీసుకుపోయాడు.

ఈ ముక్కను చరిత్ర పుస్తకాలు చాలా తేలిగ్గా దాటేస్తాయి. బాలుడి తెలివి చూసి రాజు ముచ్చటపడి తన కొలువులోకి తీసుకున్నాడని రాస్తాయి. నిజమే కావచ్చు. కానీ ఒకసారి ఆ పిల్లవాడి వైపు నుంచి చూడండి. ఊరి మీదకు సైన్యం వచ్చింది. నాయన ఓడిపోయాడు. అక్కలకు గెలిచినవాడితో పెళ్లయింది. తాను గెలిచినవాడి వెంట నడుస్తున్నాడు. సముద్రం పక్కన ఉప్పుగాలి తిన్నవాడు ఓరుగల్లు రాతినేల మీదకు వచ్చాడు. దీన్ని బంధుత్వం అనాలా, బందీ అనాలా? రాజులు రెండూ కలిపే చేసేవాళ్లు. తాను బందీగా పెరిగిన గణపతి ఈ పిల్లవాణ్ణి మాత్రం చెరలో పెట్టలేదు, బడిలో పెట్టాడు. గుండామాత్యుడు అనే గురువు దగ్గర జాయప నాట్యం, సంగీతం నేర్చుకున్నాడు. యుద్ధవిద్య ఎట్లాగూ తప్పదు.

పెద్దయ్యాక చేతికి వచ్చింది ఏనుగుల దళం. ఏనుగును యుద్ధానికి తయారు చేయడంలో బలం కంటే కష్టమైనది చప్పుడు. భేరీలు, కొమ్ములు, అరుపులు, గుర్రాల సకిలింపు, వీటన్నిటి నడుమ అది బెదరకుండా నిలబడాలి. బెదిరిన ఏనుగు వెనక్కి తిరిగి సొంత సైన్యాన్నే తొక్కుకుంటూ పోతుంది. మన దేశంలో చాలా యుద్ధాలు అట్లనే ఓడారు. కాబట్టి ఏనుగుల అధిపతికి ఏ చప్పుడు జంతువును బెదిరిస్తుంది, ఏ చప్పుడు దాన్ని అదుపులో ఉంచుతుంది అన్నది తెలిసి ఉండాలి. ఒక మావటి, పైన కూర్చున్న సైనికులు, కింద కాళ్ల చుట్టూ కాపలా ఉండే కాల్బలం, వీళ్లంతా ఒకే సంకేతానికి కదలాలి. జాయపకు తాళం మీద ఉన్న పట్టు గుండామాత్యుడి దగ్గర మొదలై ఏనుగుల సాలలో గట్టిపడి ఉంటుందని నా ఊహ. ఊహ అని ముందే చెప్తున్నా, పరీక్షలో రాయకండి.

1213 నాటికి ఆయన చేబ్రోలులో ఉన్నాడు. ఇప్పటి గుంటూరు జిల్లా ఊరు అది, అప్పట్లో తామ్రపురి అనేవాళ్లు. గణపతి ఆ సీమను ఆయనకు అప్పగించాడు. అక్కడి శాసనం ప్రకారం జాయప తన తండ్రి పేరు మీద చోడేశ్వరాలయం కట్టించాడు. గెలిచిన రాజు ఇచ్చిన పదవిలో కూర్చుని, ఓడిపోయిన తండ్రి పేరును రాతిమీద చెక్కించుకున్నాడన్నమాట. నాకు ఈ పని ఆయన బిరుదులన్నిటి కంటే పెద్దగా కనిపిస్తుంది. గుడి ముందు నాట్యం చేసే స్త్రీల కోసం రెండు వరుసల ఇళ్లు కూడా కట్టించాడు. ఆట నచ్చితే ఆటను మెచ్చుకుని పోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆడేవాళ్లు రాత్రికి ఎక్కడ పడుకుంటారు అని ఆలోచించేవాళ్లు తక్కువ.

సరిగ్గా అదే 1213లో ఇటు పాలంపేటలో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి పూర్తి చేశాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, ఆ గుడే. దాని నల్లరాతి మీద నాట్యగత్తెలతో పాటు మద్దెల వాయించేవాళ్లు కూడా ఉంటారు. మీరు పోతే వాళ్లను కూడా చూడండి, అందరూ మదనికల దగ్గరే సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. జాయప పుస్తకం చూసి రామప్ప శిల్పాలు చెక్కారని యూట్యూబ్ వీడియోల్లో చెప్తుంటారు. తేదీలు చూస్తే కుదరదు, గుడికీ పుస్తకానికీ నలభై ఏళ్ల తేడా ఉంది, గుడే ముందు. శిల్పులూ జాయపా ఒకే కాలపు ఆటల్ని చూశారు, వాళ్లు రాతిలో పెట్టారు, ఈయన తాటాకు మీద పెట్టాడు అనుకుంటే సరిపోతుంది.

1231లో సొంత సీమకు తిరిగి పోయి అక్కడ ఇంకో గుడి కట్టించాడు. ఈసారి రాజు పేరు మీద, గణపేశ్వరం. నాగాయలంక దగ్గర ఆ ఊరు ఇప్పటికీ అదే పేరుతో ఉంది. ఆయన వంశం వివరాలు మనకు తెలిసేది ఎక్కువగా అక్కడి శాసనం వల్లే. నాయన పేరున ఒకటి, బావ పేరున ఒకటి. లెక్క సరిచేశాడు.

ఇంక పుస్తకం సంగతి. నృత్తరత్నావళి పూర్తయింది 1253-54లో. అప్పటికి ఆయన ముసలివాడు. భాష సంస్కృతం. మొదటి నాలుగు అధ్యాయాలు మార్గం గురించి, అంటే భరతుడి నాట్యశాస్త్రం నుంచి వస్తున్న పద్ధతి. అక్కడ ఆయన బుద్ధిమంతుడైన స్టూడెంట్ లాగా సిలబస్ దాటడు. మిగతా నాలుగు అధ్యాయాలు దేశి గురించి. అంటే ఏ సీమలో జనం ఏ ఆట ఆడుతున్నారో అది. అసలు పుస్తకం అక్కడుంది. పేరణి, ప్రేంఖణం, రాసకం, చర్చరి, దండరాసకం, శివప్రియం, కందుకం, చిందు, ఇట్లా పోతుంది ఆ వరుస. దండరాసకం అంటే చేతుల్లో కోలలు పట్టుకుని ఆడేది. మన బతుకమ్మ రోజుల్లో కోలాటం చూసినవాళ్లకు దాన్ని వేరే వివరించక్కర్లేదు. చర్చరి వసంతకాలంలో గుంపుగా ఆడే ఆట. శివప్రియం శివభక్తులు గుంపుగా ఆడేది. గమనించారా, ఇందులో చాలావరకు ఒక్కరు ఆడి పదిమంది చూసేవి కావు. పదిమందీ ఆడేవి.

ఆ రోజుల్లోనే దేవగిరిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాశాడు. దేశం మొత్తం చదివిన పుస్తకం అది. ఆయన ఉద్యోగం ఏంటో తెలుసా? యాదవ రాజు దగ్గర లెక్కల అధికారి. ఒక అకౌంటెంట్, ఒక ఏనుగుల కమాండర్. గణపతిని బందీగా పెట్టిన రాజ్యంలో ఒకరు, ఆ గణపతి కొలువులో ఒకరు. బీటెక్ చదువుతూ కథలు రాస్తున్నారేంట్రా అని మన క్లబ్బును ఎవరైనా ఎగతాళి చేస్తే ఈ ఇద్దరి పేర్లు చెప్పండి.

నేను ఈ పుస్తకం దాకా రావడానికి కారణం పేరణి, ఇప్పుడు పేరిణి అంటున్నాం. పేరిణి యుద్ధానికి పోయే సైనికులు శివుడి ముందు ఆడేదనీ, డోళ్ల మోతతో వాళ్లలో ఒకే ఊపు తెచ్చేదనీ, ప్రేరణ అనే మాట నుంచే ఆ పేరు వచ్చిందనీ ఇప్పుడు అందరూ చెప్తారు. ఆ కాలపు గ్రంథాల్లో కనిపించే పేరణి ఆటగాడు ఒంటికి తెల్లగా బూడిద పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని వస్తాడు. గజ్జెల్లో ఏది మోగాలో, ఏది మోగకూడదో పాదంతో అదుపు చేస్తాడు. మధ్యలో నవ్విస్తాడు కూడా. అంటే కేవలం వీరావేశం కాదు, తాళం మీద పూర్తి పట్టున్న ఆట.

పోయినేడు ఒక కంపెనీ వాళ్ల టీమ్ బిల్డింగ్ ఈవెంట్‌కు వాలంటీర్లు కావాలంటే నేనూ ఇంకో ముగ్గురం హైదరాబాద్ పోయాం. కుర్చీలు గుండ్రంగా వేసి, ఒక్కొక్కరికి ఒక జెంబే ఇచ్చారు. జెంబే పశ్చిమ ఆఫ్రికా వాద్యం, మాలీ, గినీ వైపుది, మేకతోలుతో బిగిస్తారు. మోకాళ్ల నడుమ పెట్టుకుని నడిమధ్యన అరచేత్తో కొడితే బరువైన శబ్దం, అంచు మీద వేళ్లతో కొడితే సన్నటి శబ్దం. నడిపే అతను ఒక్క ముక్క థియరీ చెప్పలేదు. తాను కొట్టాడు, వీళ్లు తిరిగి కొట్టారు. తర్వాత సగం మందికి ఒకే నిలకడైన దెబ్బ ఇచ్చి, మిగతా సగానికి ఆ దెబ్బల సందుల్లో కొట్టమన్నాడు. జనం గుంపుగా కొడితే వేగం దానంతట అదే పెరుగుతుంది. అతను చేతులు కిందికి ఊపి దించాడు. పావుగంటలో మేనేజర్, నిన్న జాయిన్ అయిన ఫ్రెషర్ ఒకే దెబ్బ మీద ఉన్నారు. ఒక్క సైగకు అరవై చేతులు ఆగిపోయాయి. ఆ ఆగిపోవడం వింటే ఒళ్లు జలదరించింది, అబద్ధం ఎందుకు. 

ఈ పద్ధతి ఎక్కువగా అమెరికాలో రూపు దిద్దుకుంది. నైజీరియా నుంచి 1950లో చదువుకోవడానికి అక్కడికి పోయిన బాబాతుండే ఒలాతుంజీ 1960లో డ్రమ్స్ ఆఫ్ ప్యాషన్ అనే రికార్డుతో పేరు తెచ్చుకుని, తర్వాత ఏళ్ల తరబడి మామూలు మనుషులకు గుంపులుగా డ్రమ్ము నేర్పాడు. అట్లాంటి వాళ్ల దగ్గర మొదలైంది కంపెనీల హాళ్ల దాకా వచ్చింది. మంచిదే. కానీ ఆ రోజు ఆ గుండ్రంలో నాకు తెలిసింది ఇంకొకటి కూడా ఉంది. అక్కడ ఎవరి మొహంలోనూ తోలు ముట్టుకుంటున్నామన్న సంకోచం లేదు.

మాది కల్వకుర్తి. మా తాత డప్పు కొట్టేవాడు. పెళ్లికి, జాతరకు, చావుకు, చాటింపుకు, అన్నిటికీ. దానికి ఇచ్చేది పైసలు కాదు, కల్లం కాడ గింజలు. డప్పు ఎవరైనా కొట్టచ్చు అని ఇప్పుడు స్టేజీల మీద అంటారు. మా తాతకాలంలో ఎవరి పిల్లలు కొట్టాలో పుట్టుకే తేల్చేది, ఎవరి వాకిట్లో ఎంత దూరంలో నిలబడి కొట్టాలో కూడా. చెక్క పలకకు చింతగింజల జిగురుతో తోలు అంటించడం, గడ్డిమంట మీద కాచి బిగువు తెప్పించడం, కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. నలుగురు కొడుతుంటే ఒకడు దెబ్బ నిలబెట్టాలి, మిగతావాళ్లు ఆ సందుల్లో నింపాలి. కంపెనీ హాల్లో ఆ అతను అరవై మందికి నేర్పింది ఇదే. మా పెదనాయన చూసి ఉంటే ఇందులో కొత్తేముందిరా అనేవాడు.

మా వైపు కూడా కాకతీయుల నేలే. మా జిల్లాలోని నందివడ్డెమాన్ అప్పట్లో వర్ధమానపురం, గణపతిదేవుడి సామంతులు ఏలిన రాజధాని. ఆ సామంత కుటుంబంలో కోడలైన కుప్పాంబిక 1276లో బూదపురంలో వేయించిన శాసనం ఉంది. తెలుగులో మొదటి కవయిత్రి ఆమేనంటారు. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి ఆమె తండ్రి. అంటే జాయప పేరణి గురించి రాస్తున్న కాలానికి మా పాలమూరు మట్టిలో కూడా గుడులున్నాయి, సైన్యాలున్నాయి, వాటి ముందు మోగే తోలువాద్యాలున్నాయి. 1261 నాటి మల్కాపురం శాసనంలో గుడి సిబ్బందిని లెక్క రాసినప్పుడు ఆడేవాళ్లు, పాడేవాళ్లతో పాటు వాద్యాలు కొట్టేవాళ్లకు కూడా లెక్క ఉంది. వాళ్లకు భూమి కూడా కేటాయించారు. తోలు కొట్టే చేతికి గింజలు కాదు, నేల దక్కిన కాలం ఒకటుంది, కనీసం గుడి లోపలి వాళ్లకు. గుడి బయట కొట్టినవాళ్ల లెక్క ఏ రాతిమీదా లేదు.

జాయప ఇంకో రెండు పుస్తకాలు కూడా రాశాడని చెప్తారు. గీతరత్నావళి, వాద్యరత్నావళి. రెండూ దొరకలేదు. మూడింటిలో పాట పోయింది, వాద్యం పోయింది, ఆట మాత్రమే మిగిలింది. గీతరత్నావళి లేకపోవడం నన్ను అంత బాధపెట్టలేదు, పాట గురించి వేరేవాళ్లు బోలెడు రాశారు. వాద్యరత్నావళి లేకపోవడం మాత్రం మనసును కుడుతుంది. ఊళ్లల్లో గుంపులు ఆడే ఆటల్ని అంత శ్రద్ధగా చూసినవాడు, వాటి వెనక మోగిన డోళ్లను కూడా అంతే శ్రద్ధగా విని ఉంటాడు కదా. ఏ వాద్యానికి ఏ తోలు, ఏ ఆటకు ఏ దరువు, ఇవన్నీ అందులో ఉండి ఉండాలి. కోడ్ ఉంది, డిపెండెన్సీ ఫైలు పోయింది. మన బ్రాంచి వాళ్లకు ఆ నొప్పి అర్థమవుతుంది.

గణపతిదేవుడు 1262 దాకా ఉన్నాడు, తర్వాత రుద్రమదేవి. 1323లో ఓరుగల్లు పడిపోయింది, కాకతీయుల కొలువు, ఆటలు, అన్నీ చెదిరిపోయాయి. నృత్తరత్నావళి మాత్రం రాతప్రతిగా దక్షిణాన బతికింది. మద్రాసులో వి. రాఘవన్ పరిష్కరించి 1965లో అచ్చు వేయించాడు. 1969లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగులోకి తెచ్చాడు. తెలుగును సెకండ్ లాంగ్వేజ్‌గా చదివిన నాకు ఆ అనువాదం కూడా నిఘంటువు పక్కన పెట్టుకుంటే గాని కదల్లేదు, అయినా దేశి అధ్యాయాలు వదలబుద్ధి కాలేదు. ఆ పుస్తకాన్నీ రామప్ప శిల్పాలనూ పట్టుకునే నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్లీ నిలబెట్టాడు. 1985 శివరాత్రికి అదే రామప్ప గుడిలో వేల మంది ముందు అది ఆడారు. ఏడు వందల ఏళ్ల తర్వాత ఒక వర్ణన చదివి ఒక ఆటను లేపగలిగారంటే, రాసినవాడు ఎంత వివరంగా రాశాడో ఆలోచించండి. డాక్యుమెంటేషన్ అంటే అది. డోళ్ల భాగానికి మాత్రం వాళ్లు ఇప్పటి విద్వాంసుల చేతుల మీదే ఆధారపడాల్సి వచ్చింది. ఆ పుస్తకం లేదు కాబట్టి.

మా తాత ఇప్పుడు లేడు. పెదనాయన ఉన్నాడు, భుజం నొప్పి ఉన్నా సిర్ర పట్టుకుంటాడు. సంక్రాంతి సెలవుల్లో ఆయన కొడుతుంటే ఫోన్లో రికార్డు చేసి, తర్వాత ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తున్నా. ఒక్కో దరువుకు రెండు వరుసలు, సిర్రకు ఒకటి, సిటికెన పుల్లకు ఒకటి. వరుసకు పదహారు గళ్లు. దెబ్బ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఇప్పటికి పదకొండు దరువులు ఎక్కాయి. చావు దరువు ఇంట్లో కొట్టకూడదని దాన్ని మాత్రం పొలం గట్టు మీద కూర్చుని కొట్టాడు, గాలి శబ్దం కలిసింది, ఇంకోసారి రికార్డు చేయాలి. జాతర దరువుల్లో ఒకటి పదహారు గళ్లలో ఇమడటం లేదు. దానికి వేరే షీట్ తెరిచాను.